గ్రానైట్ వంటగట్టు సంరక్షణ: కృష్ణా డెల్టా ఇళ్లలో రాయి, నీరు, మరక

గ్రానైట్ వంటగట్టుకు పట్టే మరకలు మూడు చోట్ల ఉంటాయి: రాయి మీద, రాయి లోపల, రాయి కింద. మీద ఉన్నది తుడిస్తేనో గీకితేనో పోతుంది. లోపలికి ఇంకినదాన్ని పీల్చి బయటికి లాగాలి. కింది నుంచి వచ్చేది పైన ఎంత రుద్దినా పోదు. తేమ వచ్చే దారి మూయాలి. విజయవాడలోనూ, దిగువన బందరు, అవనిగడ్డ, రేపల్లె వరకూ ఉన్న డెల్టా ఊళ్లలోనూ గట్టు పాడైందని ఇంటివాళ్లు బాధపడే సందర్భాల్లో తరచు రాయికి ఏమీ అయి ఉండదు. నీటిలోని ఉప్పు, సబ్బు, పోపు జిడ్డు దాని మీద పొరగా పేరుకుని ఉంటాయి. ఆ పొరను వదిలించాలని తెచ్చే యాసిడ్ సీసా, ఇనుప పీచు మాత్రం రాయిని నిజంగానే పాడుచేస్తాయి. మరక ఎక్కడుందో తేల్చుకున్నాకే ఏది వాడాలో ఆలోచించాలి.

అంతకంటే ముందు తేలాల్సింది, గట్టు మీద పరిచింది గ్రానైటేనా అన్నది. కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని వండిన వంటింట్లో గట్టు అవసరం లేదు. గ్యాస్ పొయ్యి వచ్చి నిలబడి వండే అలవాటు స్థిరపడ్డాక గట్టు వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకంతో గ్యాస్ పొయ్యి పల్లెల్లోని పేద ఇళ్లకూ చేరింది. పాత గట్ల మీద పరిచింది చాలావరకు కడప బండ; గ్రానైట్ తర్వాత వచ్చింది. ఒకే వీధిలో ఇప్పటికీ రెండూ కనిపిస్తాయి. నునుపు చేసిన కడప బండ కూడా నల్లగా మెరుస్తుంది కాబట్టి పొరపడే అవకాశం ఉంది. కడప బండ సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు, పులిసిన మజ్జిగ ఏది పడినా దాని పైపొర కరిగి పాలిపోయిన చార పడుతుంది. పండగల ముందు ఇత్తడి సామాను చింతపండుతో తోమి గట్టు మీదే బోర్లించే ఇళ్లలో ఈ చారలు తప్పవు. ఎవరికీ కనిపించని వెనక మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిమిషాలకు తుడిచి చూడాలి. మెరుపు పోయి గుడ్డి చుక్క మిగిలితే అది సున్నపురాయి లేదా పాలరాయి. ఇక ఆ గట్టు దగ్గరికి పులుపు ఏదీ రానివ్వకూడదు.

డెల్టా ఒండ్రు నేల. బెజవాడ కొండలు దాటి దిగువకు వెళ్తే గట్టు మీద పరచడానికి పనికొచ్చే రాయి దొరకదు, అంతా బయటి నుంచే రావాలి. ఒంగోలు దగ్గరి చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ ఇక్కడి వంటిళ్లలో బాగా కనిపించే రాయి. నల్లటి రాతిలో బంగారు రవ్వలుండటం దాని గుర్తు. ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజం. బల్లికురవ వైపు నుంచి స్టీల్ గ్రే, కరీంనగర్ నుంచి గోధుమ రంగు టాన్ బ్రౌన్, వరంగల్, ఖమ్మం ప్రాంతాల నుంచి మచ్చలేని నల్ల రాయి వస్తాయి. వ్యాపారులు వీటన్నిటినీ గ్రానైట్ అనే అంటారు. భూగర్భ శాస్త్రం లెక్కలో బ్లాక్ గెలాక్సీ గాబ్రో జాతి రాయి. ఈ తేడా గట్టు తుడిచేవారికీ అవసరమే. అసలు గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువ, కొద్దిగా అభ్రకం ఉంటుంది. గాబ్రోలో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్, ఇనుము కలిసిన ఖనిజాలు ఉంటాయి. గాబ్రో రంధ్రాలు మరీ సన్నం కనక నూనె, నీరు అంత తేలిగ్గా ఇంకవు. ఆమ్లాన్ని మాత్రం అది అసలు గ్రానైట్ అంత బాగా తట్టుకోదు. లేత రంగు గ్రానైట్ దీనికి తలకిందులు: పులుపుకు చలించదు, నూనెను పీల్చుకుంటుంది.

అమెరికాలో పాటించే ఏఎస్‌టీఎం ప్రమాణం ప్రకారం గ్రానైట్ పీల్చుకునే నీరు దాని బరువులో 0.40 శాతం మించకూడదు. మంచి నల్ల రాళ్లు ఆ హద్దుకు చాలా కిందే ఉంటాయి. కొన్ని చోట్ల బూడిద రంగు రాయికి నల్ల రంగు పట్టించి నల్ల గ్రానైట్‌గా అమ్ముతారు. తెల్ల గుడ్డను అసిటోన్‌లో, అంటే గోళ్ల రంగు తుడిచే ద్రవంలో, తడిపి రాయి మీద గట్టిగా రుద్దితే గుడ్డకు నలుపు అంటుతుంది. కొనేముందే చేయాల్సిన పరీక్ష ఇది. రంగు పట్టించిన రాయి గట్టుగా మారాక నిమ్మరసం, సోడా, వేడి గిన్నె ఏది తగిలినా అక్కడ వెలిసిపోతుంది, దానికి ఇంట్లో చేసే చికిత్స ఏదీ లేదు.

రోజువారీ శుభ్రానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోరువెచ్చని నీటిలో గిన్నెలు కడిగే ద్రవం కొన్ని చుక్కలు వేసి, మెత్తటి గుడ్డ ముంచి పిండి తుడవాలి. తర్వాత మంచినీటి గుడ్డతో మరోసారి, చివర పొడి గుడ్డతో. మూడో పని చాలామంది వదిలేస్తారు. ఈ ప్రాంతపు నీటికి అన్నిటికంటే ముఖ్యమైనది అదే. గిన్నెలు తోమే సబ్బు బిళ్లను గట్టు మీద రుద్దితే అందులోని తెల్లటి పొడి, గట్టి నీటిలోని కాల్షియంతో కలిసిన సబ్బు నల్ల రాయి మీద మసక పొరగా మిగిలిపోతాయి. మెరుపు తగ్గిందని పాలిష్ వాళ్లను పిలిచేముందు నాలుగు రోజులు బిళ్ల మానేసి చూడటం మేలు.

పీచుల విషయంలో ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద దారి చూపిస్తుంది. క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, అభ్రకం 3కు లోపు. మామూలు ఉక్కు ఫెల్డ్‌స్పార్‌ను మించదు కనక ఇనుప పీచు గ్రానైట్‌ను వెంటనే గీరదు. కానీ అది తెగి సన్నని ఉక్కు నలకలు పలకల మధ్య కీళ్లలో ఇరుక్కుంటాయి, వానాకాలపు తేమకు తుప్పుపట్టి గోధుమ చుక్కలవుతాయి. పచ్చటి గరుకు స్క్రబ్బర్లలో ఉండే రాపిడి పొడి ఫెల్డ్‌స్పార్ కంటే గట్టిది. ఒక్కరోజులో ఏమీ కనిపించదు, ఏళ్ల తరబడి రుద్దితే పొయ్యి ముందున్న చోటు మాత్రం మందగిస్తుంది. ఇసుకా అంతే, దానిలో ఉన్నది క్వార్ట్జే. వరండాలోంచి వచ్చిన సంచినీ, కూరగాయల మట్టినీ గట్టు మీద ఈడ్చకూడదు.

ఇక నీటి ఉప్పు. డెల్టా వంటిళ్లలో కొళాయి మొదలు చుట్టూ, సింకు వెనక, మంచినీటి బిందె పెట్టే చోట తెల్లగా గరుకుగా పేరుకునే గార ఇదే. కృష్ణ నీరు, బోరు నీరు ఒకటి కావు. నగరపాలక సంస్థ సరఫరా చేసే నది నీటితో గార నెమ్మదిగా వస్తుంది. అపార్ట్‌మెంట్ బోరు నీటితో కొద్ది వారాల్లోనే కనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసి బోర్ల వాడకం పెరిగినప్పుడు పల్లెల్లోనూ ఇదే కథ. మచిలీపట్నం, కోడూరు, నాగాయలంక, నిజాంపట్నం వంటి సముద్రపు దాపు మండలాల్లో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన కాబట్టి అక్కడ గారతో పాటు మామూలు ఉప్పు కూడా మిగులుతుంది. తాగునీటి గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అలాంటి నీటిచుక్క గట్టు మీద ఆరిన ప్రతిసారీ దానిలోని బైకార్బొనేట్ కాల్షియం కార్బొనేట్‌గా మారి అక్కడే ఉండిపోతుంది. నీరు ఆవిరైపోతుంది, ఖనిజం పోదు. పొడి గుడ్డ అవసరం అందుకే: చుక్కను ఆరనివ్వకుండా ఎత్తేస్తే గారకు తావు లేదు.

పేరుకున్న గారను తీయడానికి ఇంటింటా వినిపించే సలహా నిమ్మకాయ, వెనిగర్. అవి కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తాయన్నది నిజమే. కానీ కింద ఉన్నది గాబ్రో అయితే కొంచెం కొంచెంగా దాని ఫెల్డ్‌స్పార్‌ను, రంగు పట్టించిన రాయైతే రంగును, కీలులో తెల్ల సిమెంటుంటే ఆ సిమెంటునూ తింటాయి. రాతి పరిశ్రమ సంస్థలు సహజ రాయి దేనికీ ఆమ్లం వద్దనే చెబుతాయి. ఇంట్లో వాడేవారు అసలు గ్రానైట్‌కు కాసేపు తగిలితే ఏం కాదంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, మాట్లాడే రాయి వేరు. బ్లేడు దారి ఈ తగాదాకు బయటిది. కాల్సైట్ గట్టిదనం 3 మాత్రమే. రాయి దానికి రెట్టింపు. గార మీద సబ్బు నీరు పోసి పది నిమిషాలు నాననిచ్చి, పిడి ఉన్న గీకుడు బ్లేడును దాదాపు పడుకోబెట్టి, అంచు గుచ్చకుండా నెట్టితే పొర లేచి వస్తుంది. ప్లాస్టిక్ కార్డు ఇంకా భద్రం, కాస్త ఎక్కువసేపు పడుతుంది. అప్పటికీ మిగిలితే మూలన పరీక్షించి, పలచని వెనిగర్‌లో తడిపిన దూదిని గార ఉన్నంత మేరకే రెండు నిమిషాలు ఉంచి, వెంటనే నీటితో రెండుసార్లు కడగాలి. నీటిలో సిలికా ఎక్కువుంటే ఆ గార వెనిగర్‌కు కరగదు, బ్లేడే గతి.

బాత్‌రూమ్ టైల్స్ కోసం కొట్ల సందుల్లో అమ్మే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, వంటగట్టుకు ఏ పరిస్థితిలోనూ తగదు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కూడా అదే. అది రాతిలోని ఇనుప ఖనిజాలను తిని పసుపు, తుప్పు రంగు మచ్చలు తేలుస్తుంది, సిమెంటును కరిగిస్తుంది, స్టీల్ సింకుకు గుంటలు పెడుతుంది. దాని మీద బ్లీచింగ్ పౌడరు గానీ బ్లీచ్ ద్రవం గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ చిన్నదైన వంటింట్లో అది ప్రాణాపాయం. తుప్పు మరకల కోసం అమ్మే కొన్ని ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది క్వార్ట్జ్‌నే కరిగించగలదు, చర్మం తాకితే ఎముక వరకు హాని చేస్తుంది. సీసా మీద ఆ పేరుంటే ఇంట్లోకి రానివ్వకూడదు.

రాయి లోపలి మరకల్లో నూనెది పెద్ద పీట. లేత బూడిద, తెలుపు రాళ్ల మీద అది తడి ఆరనట్టు ముదురు మచ్చగా కనిపిస్తుంది, ఎంత తుడిచినా అలాగే ఉంటుంది. ఆవకాయ రోజుల్లో ఈ మచ్చలు ఎక్కువవుతాయి. నువ్వుల నూనె, ఆవపిండి, కారం కలిపిన ముక్కల బేసిన్ అడుగున, జాడీ చుట్టూ కారిన నూనె రాత్రంతా నిలిస్తే రాతిలోకి దిగుతుంది. కారంలోని ఎరుపు కూడా నూనెలో కరిగేదే కాబట్టి దానితోపాటే వెళ్తుంది. జాడీ అడుగు అంచుకు మెరుగు పూత ఉండదు, ఆ గరుకు అంచును గట్టు మీద తిప్పితే వలయంలా గీత పడుతుంది. కింద ఒక పళ్లెం ఉంటే రెండు బాధలూ తప్పుతాయి.

ఇంకిన నూనెను తీసే పద్ధతిని లేపనం అనవచ్చు. తినే సోడాను నీటితో దోసెపిండి కంటే గట్టిగా కలిపి, మచ్చ దాటి అంగుళం వరకు, అర సెంటీమీటరు మందాన పరచాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. తర్వాత కాగితం తీసి ముద్ద పూర్తిగా ఎండనివ్వాలి. ఎండుతున్నప్పుడే అది రాతి రంధ్రాల్లోంచి నూనెను పైకి లాగుతుంది. తడిగా ఉండగానే తుడిచేస్తే చేసిన పనంతా వృథా. పాత మచ్చకు మూడు నాలుగు సార్లు కావలసి రావచ్చు. నీటికి బదులు అసిటోన్‌తో తడిపిన తెల్ల టిష్యూ కాగితం పరిస్తే ఇంకా త్వరగా లాగుతుంది. పొయ్యి, సిలిండరు, దీపం దగ్గరుంటే మాత్రం ఆ పని మొదలుపెట్టకూడదు.

పసుపుకు ఈ లేపనం పనికిరాదు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. సోడా పెడితే పచ్చని మచ్చ ఇటుక రంగుకు తిరుగుతుంది. దుగ్గిరాల మార్కెట్ పసుపు ఇంటింటా డబ్బాలో ఉండే ఈ ప్రాంతంలో ఆ మచ్చ చూసి కంగారుపడటం మామూలే. కుర్కుమిన్ వెలుతురుకు నిలవదు, కిటికీ దగ్గరి గట్టు మీద కొన్నాళ్లకు దానంతటదే వెలిసిపోతుంది. తొందరైతే లేత రంగు రాయి మీద మందుల కొట్లో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సుద్దపొడితో కలిపి లేపనంగా పెట్టవచ్చు. టీ, కాఫీ మరకలకూ ఇదే మందు. నల్ల రాయికి పెరాక్సైడ్ వద్దు, వెలిసే ప్రమాదం ఉంది.

లంక గ్రామాల అరటికాయలు, అరటిపువ్వు తరిగేటప్పుడు కారే బంక గట్టు మీద నల్లబడుతుంది. దానిలోని టానిన్, కత్తిపీట ఇనుము కలిస్తే ఆ నలుపు ఇంకా గాఢమవుతుంది. ఎండకముందే నూనె గుడ్డతో తుడిచి, వెంటనే సబ్బుతో కడగటమే ఉపాయం. ఇనుప పెనం, సిలిండరు అడుగు వలయం వదిలే తుప్పు మచ్చ అన్నిటికంటే మొండిది. రాతి కోసం ప్రత్యేకంగా తయారైన తుప్పు లేపనాలు కొంతవరకు లాగుతాయి, పూర్తిగా పోతుందన్న భరోసా లేదు.

మూడో రకం, కింది నుంచి వచ్చేది, కొత్త ఇళ్లలో ఎక్కువ. ఇక్కడ గట్టును ఇటుక లేదా కడప బండ ఆధారం మీద సిమెంటు పరిచి కడతారు. ఆ సిమెంటులోని తేమ నెలల తరబడి రాతి గుండా, కీళ్ల గుండా పైకి ఆరుతూ తనతో తెచ్చిన ఉప్పును అంచుల వెంట తెల్లటి బూజులా వదులుతుంది. పొడి బ్రష్షుతో దులపాలి. నీటితో కడిగితే ఉప్పు మళ్లీ కరిగి లోపలికి వెళ్లి ఇంకోచోట తేలుతుంది. కట్టి ఏడాదైనా తగ్గకపోతే సింకు గొట్టమో, గోడ కీలో కారుతున్నట్టే లెక్క.

సీలర్ వేయాలా వద్దా అన్నది తెగని చర్చ. అమ్మేవారు ఏటా అంటారు. మేస్త్రీలు ఎందుకు దండగ అంటారు. నిర్ణయం రాయికే వదిలేయవచ్చు. ఆరిన గట్టు మీద రెండు మూడు చోట్ల చెంచాడు నీరు పోసి పావుగంట ఆగాలి. తుడిచాక అక్కడ రాయి ముదురు రంగుకు తిరిగితే సీలర్ కావాలి, తిరగకపోతే అక్కర్లేదు. బ్లాక్ గెలాక్సీ వంటి నల్ల రాళ్లు ఈ పరీక్షలో చాలావరకు నెగ్గుతాయి. వాటికి సీలర్ పూస్తే లోపలికి పోయే దారిలేక పైన జిగటగా ఆరి, వేళ్ల గుర్తులు పడే మసక పొర మిగులుతుంది. లేత రాళ్లకు సిలేన్, సిలోక్సేన్ రకపు ఇంకే సీలర్ మంచి పని చేస్తుంది. అది మరకను ఆపదు, ఇంకడాన్ని నెమ్మదిస్తుంది. తుడవడానికి వ్యవధి ఇస్తుంది. డెల్టాలో దీనికి అదను ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. జూలై మొదలు నవంబరు దాకా గాలిలో తేమ వల్ల రాయి లోపల పూర్తిగా ఆరదు, తడి రాతికి వేసిన సీలర్ నిలవదు. మెరుపు కోసం రాసే కొబ్బరినూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ఆ అలవాటు మానేయడం మంచిది.

వేడి గురించిన భయం కొంత అతి. క్వార్ట్జ్ స్ఫటికం మారే ఉష్ణోగ్రత 573 డిగ్రీలు, వంటింటి గిన్నె అంత వేడెక్కదు. ప్రమాదం ఒకే చోట హఠాత్తుగా తగిలే వేడిది. సింకు, పొయ్యి కోసం కోసిన మూలల దగ్గర పలక సన్నగా, బలహీనంగా ఉంటుంది. కుక్కరు అక్కడే దించడం, అక్కడే కొబ్బరికాయ కొట్టడం పగుళ్లకు కారణాలు. సన్నని పగులును శుభ్రంగా ఆరబెట్టి, రాతి రంగు పొడి కలిపిన ఎపాక్సీతో నింపవచ్చు. గోడకూ గట్టుకూ మధ్య సిలికాన్ కీలు నల్లబడితే బూజు పట్టినట్టు. పైన తుడిచి లాభం లేదు, కోసి తీసి కొత్తది వేయాలి. ఆ సందు తెరుచుకుంటే బొద్దింకలకూ, కిందికి దిగే నీటికీ అదే దారి.

చేపలు, కోడిమాంసం కడిగిన గట్టును ముందు సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, ఆ తర్వాతే క్రిమిసంహారిణితో తుడవాలి. జిడ్డు మీద వేసిన బ్లీచ్ పనిచేయదు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఇళ్లను ముంచినప్పుడు వేల వంటిళ్లు రోజుల తరబడి మురుగునీటిలో ఉన్నాయి. నీరు తీశాక అగ్నిమాపక వాహనాలతో వీధుల్నీ ఇళ్లనూ కడగాల్సి వచ్చింది. అలాంటి వరద తర్వాత గట్టు మీది బురదను గుడ్డతో తుడవడం పెద్ద పొరపాటు. దానిలోని ఇసుక రాయంతా గీకుతుంది. ముందు నీరు ధారగా పోసి బురదను జార్చాలి, తర్వాత సబ్బు నీరు, ఆ తర్వాత క్రిమిసంహారం. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం ఒక పాలు, నీరు 49 పాళ్లు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. పది నిమిషాలు ఉంచి బాగా కడగాలి. బ్లీచింగ్ పౌడరు చల్లి వదిలేస్తే సున్నపు తెల్లదనం మిగులుతుంది. నీటిలో కలిపి, తేరుకున్న పై నీరే వాడాలి. కింద ఉన్న ప్లైవుడ్ అరలు నాని ఉబ్బితే గట్టు ఆధారం కదిలిందేమో చూడాలి. సిమెంటు పరుపు ఆరడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ తర్వాత నెలల్లో అంచుల వెంట తెల్ల ఉప్పు తేలడం సహజం, దానికి దులపడం తప్ప వేరే పని అక్కర్లేదు.

గీతలు నిజంగా రాయిలోనే పడి మెరుపు పోతే ఇంటి వైద్యం ఆగిపోతుంది. మళ్లీ పాలిష్ అంటే వజ్రపు పొడి అంటించిన పాడ్లతో, గరుకు నుంచి నునుపుకు 50, 100, 200 మొదలు 3000 దాకా వరసగా నూరడం. ఏ అంకె దాటవేసినా దాని గీతలు తర్వాతి మెరుపులో కనిపిస్తాయి. ఈ పని నీరు పోస్తూనే చేయించాలి. పొడిగా నూరితే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది; అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ఉంచింది. నూరే కార్మికుడికి మంచి మాస్కు ఉందో లేదో చూడటం, పిల్లల్నీ వృద్ధుల్నీ ఆ పూట వేరే ఇంటికి పంపడం, పని ముగిశాక చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో ధూళి ఎత్తడం ఇంటివాళ్ల బాధ్యత.